అంగీలన్నీ నలుపే

పాత బట్టకు రంగు వేయడంలో నారాయణఖేడ్‌లో నన్ను మించినవాళ్లు లేరని నేనే చెప్పుకుంటాను. ఇంకొకరు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు. వెలిసిన దుప్పటి, చాయ్ మరకలు పడ్డ కిటికీ పరదా, ఏది తెచ్చినా ముందు ఒక దారం లాగి అగ్గిపుల్లతో కాలుస్తాను. బూడిదైతే నూలు, ముద్దకట్టి గట్టిపడితే పాలిస్టర్. నూలు రంగు తాగుతుంది. పాలిస్టర్‌ను ఎంత బతిమాలినా అంతే. బజార్లో దొరికే రంగు పొట్లం, పిడికెడు దొడ్డుప్పు, వంటకు పనికిరాని ఒక పాత బగోన, కలియబెట్టడానికి ఒక కట్టె, ఇవే నా సరంజామా.

మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్న ఏడు నా పనితనానికి అసలు పరీక్ష వచ్చింది. దీక్షకు నల్లబట్టలు కావాలి. కొత్తవి ఎందుకని ఆయన పాత తెల్ల ధోతులు రెండు, అంగీలు రెండు నలుపులో ముంచాను. తొందరలో సరిగ్గా జాడించలేదు. మొదటి రోజే స్వామి మెడా చంకలూ నల్లబడ్డాయి. మా అత్త కడుపు పట్టుకుని నవ్వింది. మర్నాడు మళ్లీ రంగులో ఉడికించి, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండి నీడలో ఆరేశాను. ఆ తర్వాత చుక్క రంగు దిగలేదు.

ఆయన మాల వేసుకున్నది భక్తితోనే, కాదనను. నేను సంతోషపడింది వేరే కారణానికి. మా ఆయన పొలం నుంచి నేరుగా కల్లు దుకాణానికి పోయే మనిషి. ఇంటికొచ్చాక పళ్లెం విసరడం, నన్నూ కన్నతల్లినీ నోటికొచ్చినట్టు తిట్టడం, పొద్దున లేచి ఏమీ ఎరగనట్టు చాయ్ అడగడం. దీక్షలో ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు. సాయంత్రాలు నా పక్కన కూర్చుని కందికాయలు ఒలిచాడు. వాళ్లమ్మ మోకాళ్లకు నూనె రాశాడు. పెళ్లయిన పద్నాలుగేళ్లకు నాకు మొగుడు దొరికాడు.

కొండకు పోయొస్తే మాల తీసేస్తారు. తీశాక ఏమవుతుందో నాకు తెలుసు. మా వాడకట్టులో అంతకుముందు మాల తీసినవాళ్లు కొందరు ఆ సాయంత్రమే దుకాణంలో తేలారు. రోజులు దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సయించలేదు.

ఒకరోజు ఆయనే నవ్వుతూ చెప్పాడు, కల్లు దుకాణం ముందు నుంచి వస్తుంటే దుకాణమాయన లేచి నిలబడి దండం పెట్టాడట, తాగేవాళ్లు సీసాలు వెనక దాచుకున్నారట. నల్లబట్టంటే అంత అదురు ఉందన్నమాట. నా బుర్ర అక్కడే పనిచేసింది.

ఆయన శబరిమల బస్సెక్కాడు. నేను పొయ్యి వెలిగించాను. ఇంట్లో ఉన్న ఆయన అంగీలు, లుంగీలు అన్నీ బగోనలోకి పోయాయి. మా అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏం పని జేస్తున్నవే? వాడొస్తే ఊకుంటడా?"

"ఊకోకుంటే ఏం జేస్తడత్తా? ఉతికితే పోయే రంగు కాదు గిది."

ఆమె లోపలికి పోయింది. కాసేపటికి ఆయన పెళ్లినాటి తెల్ల అంగీ తెచ్చి నా ముందు పెట్టింది.

"గిది మర్శినవ్."

రెండు టెర్రీకాట్ అంగీలు మాత్రం నలుపు పట్టక మట్టిరంగులో ఆగిపోయాయి. వాటిని చింపి బగోన దించే గుడ్డలు చేశాను.

ఆయన తిరిగొచ్చి, మాల తీయించుకుని, బీరువా తెరిచాడు.

"ఏందే గిది? నా అంగీలేవి?"

"అవే నీ అంగీలు."

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

"గిన్ని రోజులు నువ్వు మాకు దొరికినవ్. మళ్ల పోతవని భయమైంది. నాకొచ్చిన పని గిదొక్కటే, జేసిన."

ఆయన తలుపు ధడాల్న వేసి, ఒంటిమీది నల్ల అంగీతోనే దుకాణానికి పోయాడు. పావుగంటలో తిరిగొచ్చాడు.

"మాల తీసిన అంటే ఒక్కడింటలేడు! 'స్వామీ, తొవ్వ తప్పినవా' అని ఒకడు, బండి మీద ఇంటికాడ దింపుతనని ఒకడు!"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

గెలిచాననుకున్నాను. వారం తిరక్కుండా ఆయన అంగీ విప్పి చంకలో పెట్టుకుని, బనియన్ మీద పోయాడు. తూలుకుంటూ వచ్చి పళ్లెం విసిరాడు. అన్నం మెతుకులు ఏరుతుంటే ఏడుపు రాలేదు, మండింది. తెల్లారి బనియన్లు మూడూ బగోనలో వేశాను. అవి మంచి నూలువి, రంగును లొట్టలేసుకుంటూ తాగాయి. ఆయన పక్కనే నిలబడి పళ్లు తోముకుంటూ చూశాడు.

ఆ తర్వాత ఆయన అసలే తాగలేదని చెబితే అబద్ధం. రెండుసార్లు ఎక్కడెక్కడో తాగొచ్చాడు. మిగతా సాయంత్రాలు ఇంట్లో ఉన్నాడు. పద్నాలుగేళ్లు చూసినదాన్ని, నాకు ఆ లెక్క చాలు.

ఎండాకాలమంతా పొలంలో ఎండకు నలుపు బూడిదరంగుకు దిగింది. నేను గమనించాను గానీ మళ్లీ బగోన దించలేదు. ఎన్నాళ్లని మనిషిని రంగులో ముంచి కాపాడతాం అనిపించింది. తొలకరికి ముందు ఒక ఆదివారం ఆయన దండెం మీది అంగీలు తనే తీసి, రెండు చేతులా ఎత్తుకొచ్చి నా ముందు వేశాడు. నా మొఖం చూడలేదు.

"రంగు దిగింది. దుకాణంల మళ్ల కూసోమంటుండ్రు."