ఆ రోజు అన్నం ఎవరు వండారు?

మా గైడ్ మేడమ్ నిద్రలోనే పోయారని పోయిన మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. అంతకు ముందు అరగంట నుంచీ నేను ఆవిడకి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాను, ఒక మంచి కబురు చెబుదామని. ఆ కబురు నా దగ్గరే ఉండిపోయింది. అందుకే మీకు చెబుతున్నాను. పోయినవాళ్ళ గురించి రాస్తూ ఇంత హుషారేమిటని అనుకోకండి. నీరసంగా రాసిన పేజీని ఆవిడ సగంలోనే వెనక్కి ఇచ్చేసేవారు.

సోషల్ వర్క్‌లో నా పీహెచ్‌డీకి ఆవిడ గైడ్. సినిమా షూటింగుల్లో దెబ్బలు తగిలిన ఫైటర్ల ఇళ్ళలో ఆ తర్వాత ఎవరు ఎవరితో ఎలా ఉంటున్నారన్నది నా అంశం. బోరబండలో పెరిగిన పిల్లని, ఫిలింనగర్ బస్తీలు నాకు తెలియనివా అని ధీమాగా దిగాను. మొదటి ఇంట్లోనే బోల్తా పడ్డాను.

ఎత్తు మీంచి పడి నడుము దెబ్బతిన్న ఒక ఫైటర్ ఇల్లది. ఆయన భార్య జూనియర్ ఆర్టిస్టు. ఆమె కళ్ళనీళ్ళతో చెబుతుంటే మధ్యలో కుక్కర్ కూతపెట్టి నా ఫోన్లో రికార్డింగ్ పాడైంది. "జర మళ్ళొక్కసారి చెప్తవా అక్కా?" అన్నాను. ఆమె కొంగు సర్దుకుని, "యాడికెళ్లి చెప్పాలె? ఏడ్సిన కాడికెళ్లా?" అని అడిగి, సరిగ్గా అదే మాట దగ్గర మళ్ళీ అలాగే ఏడ్చింది. నేను మురిసిపోతూ వెళ్ళి మేడమ్‌కి వినిపించాను. ఆవిడకి నవ్వాగలేదు.

"ఆవిడ పని ఆవిడ చక్కగా చేసిందమ్మా. ఇంకో టేకు అడిగింది నువ్వు కదా," అన్నారు. తర్వాత నవ్వు ఆపి, "ట్రామా అనే మాట థీసిస్‌లో రాసుకో. వాళ్ళ గుమ్మం దగ్గర మాత్రం చెప్పులతో పాటు వదిలేసి లోపలికెళ్ళు," అన్నారు.

ఆ ఆదివారం అదే ఇంటికి తనే నాతో వచ్చారు. మోకాళ్ళు పట్టుకుని, రెండు చోట్ల ఆగి, ఆ బస్తీ మెట్లన్నీ ఎక్కారు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు చేతికి పని అడగడం ఆవిడ అలవాటు. చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి లాక్కుని ఈనెలు తీస్తూ, చాలాసేపు కూరల ధరలే మాట్లాడారు. ఉన్నట్టుండి, "ఆ పడ్డ రోజు పొద్దున ఇంట్లో అన్నం ఎవరు వండారండీ?" అని అడిగారు.

భార్య భర్త వైపు చూసింది. "నేనే వండిన మేడమ్," అన్నాడాయన. "పచ్చిపులుసు గూడ చేసిన. బిడ్డ తినకుండనే వొయింది."

లోపలి గదిలోంచి, డిగ్రీ చదివే ఆయన కూతురు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. రెండేళ్ళుగా తండ్రితో మాట్లాడటం లేదని తల్లి నాకు ముందే చెప్పింది. ఇప్పుడు కూడా ఆ పిల్ల మేడమ్‌కే చెప్పింది. "రోజు గిదేనా అని లొల్లి వెట్టుకున్న మేడమ్. షూటింగ్‌కు పోతె పో, మళ్ళ ఇంటికి రాకు అన్న. గా దినమే పడ్డడు. ఏం మొకం వెట్టుకొని మాట్లాడాలె?"

ఆయన బిత్తరపోయాడు. "కట్టె వట్టుకొని నడుస్తున్ననని నీకు సిగ్గేమో అనుకున్న బిడ్డా," అన్నాడు.

రికార్డవుతున్న నా ఫోన్‌ని ఇంకాస్త దగ్గరికి జరిపాను. ఎన్ని పుస్తకాలు చదివితే దొరుకుతుందిది! సరిగ్గా అప్పుడే మేడమ్ చెయ్యి చాపి నా ఫోన్లో రికార్డింగ్ ఆపేశారు. చిక్కుడుకాయలు అక్కడే పెట్టి, "వస్తామండీ," అని లేచారు.

మెట్లు దిగుతూ గొడవపడ్డాను. "నా థీసిస్ అంతా అదే కదా మేడమ్?"

"అది వాళ్ళ ఇల్లమ్మా. రాసుకోమని వాళ్ళంటే రాద్దాం. అనకపోతే లేదు."

వారం రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఆవిడ మాత్రం కలిసినప్పుడల్లా నా చాప్టర్ సంగతి వదిలేసి, "మన ఫైటర్‌గారి ఇంటి నుంచి కబురేమైనా ఉందా?" అనే అడిగేవారు. లేదంటే మొహం చిన్నబోయేది.

ఆ మంగళవారం పొద్దున్నే ఆ పిల్ల ఫోన్ చేసింది. "అక్కా, నాయిన, నేను కలిసి కూసొని చెప్తం. రాస్కో. పెద్ద మేడమ్‌ను గూడ తీస్కరా." ఎగిరి గంతేశాను. ఆవిడకి చెప్పాలనుకున్న కబురు ఇదే. వింటే ఎంత సంబరపడేవారో! వినకుండానే వెళ్ళిపోయారన్న బాధ నాకు తీరదు.

ఐదో రోజు ఒక్కదాన్నే వెళ్ళి మేడమ్ పోయిన విషయం చెప్పాను. కాసేపటికి ఆ పిల్ల నా చేతిలో ఫోన్ తీసుకుని, రికార్డింగ్ తనే నొక్కి, తండ్రి ముందు పెట్టింది. "నాయినా, నువ్వు జెప్పు. నేను వింట."

ఆ రికార్డింగ్‌లో మొదటి నాలుగు నిమిషాలూ ఒక్క మాట లేదు. ఆ పిల్ల ఆయన చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని, ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది.