మిఠాయి డబ్బాలో టీకా కార్డులు

నా చేతికి వేసిన సూదికి కాగితం కావాలంటే మా ఆయన సంతకం తెమ్మన్న మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ ఉద్దేశం కూడా లేదు. కాలం గడిస్తే కోపం చల్లారుతుందని అందరూ చెబుతారు. నాది ఫ్లాస్కులో పోసిన చాయలాంటి కోపం. మూత తీస్తే ఇప్పటికీ పొగలు వస్తాయి.

తొంభైలు ముగుస్తున్న రోజులు. మేము అశోక్‌నగర్‌లో ఒక అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. పచ్చకామెర్ల టీకా అప్పుడప్పుడే చవకైంది. ఏ కాలనీలో చూసినా శిబిరాలే. మా సెల్లార్‌లో కూడా స్కూటర్లు పక్కకు జరిపి రెండు బల్లలు వేశారు. ఒక నర్సు వచ్చింది. ఒక్కొక్కరికి పసుపు రంగు కార్డు ఇచ్చింది. అందులో మన పేరు, మూడు గళ్ళు. సూది వేసినప్పుడల్లా ఒక గడిలో తేదీ, సంతకం. మూడు నిండితే పని పూర్తి.

మొదటి సూది అయిన వెంటనే మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు ఆ కార్డులన్నీ వసూలు చేశారు. "ఇండ్లల్ల పెడితే పోతయి, పిల్లలు పడవలు జేస్తరు. నా తాన ఉంటే భద్రం," అన్నారు. అందరం ఇచ్చాం. చిక్కడపల్లిలో కొన్న మిఠాయి డబ్బా ఒకటి తెచ్చి, ఫ్లాటు నంబర్ల వరసలో కార్డులు పేర్చి, రబ్బరు బ్యాండు వేశారు. ఆయన సర్కారు కొలువులో ముసలివారైన మనిషి. జీవితమంతా ఇంకొకరి కాగితాలు తన బీరువాలో ఉంచుకుని బతికారు. రిటైరయ్యాక బీరువా పోయింది గానీ చెయ్యి ఊరుకోలేదు. మా టెర్రస్ తాళం, మోటారు గది తాళం, మెయిన్ మీటరు తాళం అన్నీ ఆయన తలుపు వెనక మేకులకు వేలాడేవి. ఇప్పుడు మా టీకాలు కూడా వెళ్ళి వాటి పక్కన కూర్చున్నాయి.

రెండో సూది రోజు డబ్బా కిందికి దిగింది. ఆయన పేరు పిలిస్తే కార్డు అందుకోవాలి. సూది వేయించుకుని, దూది నొక్కుకుంటూ కార్డు తిరిగి ఇచ్చేయాలి.

ఆ తర్వాత జరిగిన జనరల్ బాడీ మీటింగులో నేను ఒక ప్రశ్న వేశాను. టెర్రస్ అందరిదీ అయితే తాళం ఒక్కరి ఇంట్లో ఎందుకుంది, తడి బట్టల బకెట్టు పట్టుకుని మేమెందుకు ఆయన తలుపు ముందు నిలబడాలి అని. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి మెట్ల మీద ఎదురైతే నన్ను దాటి గోడను చూసేవారు.

సరిగ్గా అప్పుడే నాకు ఉద్యోగం దొరికింది. పెళ్ళికి ముందు నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. పెళ్ళయ్యాక మానేశాను. పిల్లలు కాలేజీల్లో చేరాక మళ్ళీ తిరిగి తిరిగి నారాయణగూడలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో కుదిరాను. దాన్ని నడిపే డాక్టరమ్మ నా పనంతా చూసి, ఒక్క మాట చెప్పింది.

"మా దగ్గర రక్తం ముట్టుకునేవాళ్ళు కామెర్ల టీకా కార్డు చూపించాలండి. రెండు డోసులైనా పడి ఉండాలి. వేయించుకున్నానంటే చాలదు, కార్డు కావాలి. సోమవారానికి తెస్తే చేరిపోండి. ఇంకో అమ్మాయి కూడా అడుగుతోంది."

ఇంటికి నడిచి వస్తూ చిక్కడపల్లిలో అరడజను మామిడిపళ్ళు కొన్నాను. అంత సంతోషం. పళ్ళ సంచీతోనే ప్రెసిడెంటు గారి తలుపు తట్టాను. ఆయన బనీను మీద పేపరు చదువుకుంటున్నారు. ఆయన భార్య చాయ తెచ్చి పెడుతోంది.

"కార్డెందుకమ్మా ఇప్పుడు? మూడో సూదికి ఇంక టైమున్నది."

"ఉద్యోగానికి చూపియ్యాలె."

"ఉద్యోగమా. సారుకు తెలుసా?"

"ఆయనకు తెలుసు. మీరు కార్డిస్తే ల్యాబోళ్ళకు కూడ తెలుస్తది."

ఆయన పేపరు మడతపెట్టారు. "చూడమ్మా. ఫ్లాటు సారు పేరు మీదున్నది. నా రికార్డుల గట్లనే ఉన్నది. సారును పంపు, సంతకం పెట్టి తీస్కపోతడు. రేపు ఏమన్న అయితే బాధ్యత నాది కద."

"కార్డు మీద పేరెవరిది?"

"పేరు నీదే. ఫ్లాటు సారుది."

"సూది ఫ్లాటుకు వేసిన్రా?"

వెనక చాయ కప్పు గలగలమంది. ఆయన భార్య ట్రేని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మీటింగుల మాట్లాడినట్టే మాట్లాడుతున్నవ్," అన్నారాయన. అప్పుడు నాకు అర్థమైంది. ఇది రికార్డుల గొడవ కాదు, టెర్రస్ గొడవ.

సాయంత్రం మా ఆయన విషయం విని చెప్పులు వేసుకోబోయాడు. "నేను పోయి తెస్త. రెండు నిమిషాల పని."

"మీరు పోతే నేను ఆ కార్డు ముట్టుకోను."

"నౌకరి కావాల్నా, పంతం కావాల్నా నీకు?"

"రెండూ కావాలె. నా చేతికి వేసిన సూదికి మీ సంతకమేంది? రేపు నా పన్ను పీకాలన్న మీరే పోయి సంతకం పెడ్తరా?"

"సోమవారం దగ్గర పడుతున్నది. జర ఆలోచించు," అని చెప్పులు విప్పేశాడు. ఆయనది మంచి మనసే. మంచి మనసుతో రెండు నిమిషాల్లో ఆ ముసలాయనను గెలిపించేవాడు.

మరునాడు హైదర్‌గూడలో శిబిరం వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ ఒక కుర్చీ, ఒక ఫోను, ఒక మనిషి. "కార్డులన్నీ మీ అసోసియేషన్‌కే ఇచ్చినం మేడం. ఆడనే అడగాలె," అన్నాడు. డూప్లికేటు ఇమ్మంటే, ప్రెసిడెంటు గారు లెటరు రాస్తే ఇస్తామన్నాడు.

ఎండలో తిరిగి వచ్చేసరికి సెల్లార్‌లో నల్లా దగ్గర వాచ్‌మన్ భార్య బట్టలు ఉతుకుతోంది. పాలమూరు మనిషి. నా మొహం చూసి ఆగింది.

"ఏమాయె అక్కా, గట్లున్నవ్?"

చెప్పాను. ఆమె సబ్బు పక్కన పెట్టింది. "నా కార్డు గూడ గా డబ్బలనే ఉన్నది. ఊరికి పోతున్న, ఇయ్యి సారూ అన్న. పాలమూరుల నీ కార్డు ఎవ్వలు సూస్తరే అన్నడు."

"ఊకున్నవా?"

"ఊకోక ఏం జేస్త, కిరాయి లేని రూమాయె." చీరకొంగు పిండుతూ, నన్ను చూడకుండా, "గాయినకు పగటీలి నిద్ర మస్తు పానం అక్కా. అన్నం తిని పండుకుంటడు. గప్పుడు లేపితే పొద్దుమీకేదాక తలకాయ నొస్తదని లొల్లి పెడ్తడు," అంది.

నాకు అంతకంటే ఎక్కువ చెప్పనక్కరలేదు.

నేను ఎవరినీ కూడగట్టలేదు. కూడగట్టానని ప్రెసిడెంటు గారు తర్వాత అందరితో అన్నారు గానీ అది అబద్ధం. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను మొదటి అంతస్తులో స్కూలు టీచరు ఇంటికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పానంతే.

"మీ కార్డుకు మీ ఆయన సంతకమేంది? గట్ల అనడు," అంది టీచరు.

"నమ్మకపోతే మీరే పోయి అడగండి. ఇప్పుడే ఇంట్లున్నరు."

వెళ్ళింది. పైన ప్రెసిడెంటు గారి తలుపు గంట మోగింది. కాసేపటికి ఎర్రబడ్డ మొహంతో దిగింది. "నేను ఇరవై ఏండ్ల సంది జీతం తెస్తున్న. మా ఆయన వచ్చి సంతకం పెట్టాల్నట."

తర్వాత పై అంతస్తు పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. భర్త పోయి చాలా కాలమైంది, కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె కూడా నమ్మలేదు. ఆమె కూడా గంట కొట్టింది. "కొడుకును పంపమన్నడే," అని వచ్చి కూర్చుంది. "వానికి ఓనమాలు దిద్దిచ్చిందే నేను. వాడు నాకు సంతకం పెడ్తడా." ఆ మాట ఆమె పక్కింట్లో చెప్పింది. పక్కింటామె నమ్మలేదు.

అలా ఆ మధ్యాహ్నమంతా గంట మోగుతూనే ఉంది. నేను వంటింటి కిటికీ దగ్గర మామిడిపండు తింటూ విన్నాను. అంత తియ్యటి పండు మళ్ళీ తినలేదు.

ఆదివారం ఆయన గంట తీగ పీకేశారు. ఆడవాళ్ళు తలుపు తట్టారు. పెద్దావిడ చేతికర్రతో తట్టింది. లోపల నుంచి "ఇయ్యాల సెలవు" అని కేక వినిపించింది. సెలవు దేనికో ఎవరికీ అర్థం కాలేదు. ఆఫీసు లేని మనిషికి సెలవేమిటని టీచరు మెట్ల మీద నిలబడి అందరికీ వినపడేట్టు అడిగింది.

అయినా కార్డు రాలేదు. చీకటి పడుతోంది. పొద్దున్నే డాక్టరమ్మకు ఏం చెప్పాలి? మా ఆయన చెప్పులు గుమ్మం దగ్గర తిన్నగా సర్ది పెట్టుకున్నాడు. నేను ఒక్క మాటంటే వెళ్ళేవాడు. ఆ మాట అనలేదు. అనేదాన్నేమో గానీ, అప్పుడే ఎవరో తలుపు తట్టారు.

ప్రెసిడెంటు గారి భార్య. చేతిలో మిఠాయి డబ్బా.

"నీ కార్డు నువ్వే తీస్కో," అంది.

"ఆయన ఇచ్చిండా వదినా?"

"నేను గూడ అడిగిన. ఇంతమంది అడుగుతున్నరు, నా కార్డు నాకియ్యిండ్రి అన్న. నువ్వు నా ఇంట్లనే ఉన్నవ్ కద, నీకు వేరే కార్డెందుకే అన్నడు." ఆమె జాకెట్లోంచి పసుపు కార్డు అంచు కనిపిస్తోంది. "నాది తీసుకున్న. ఇగ మిగిలినయి నాకెందుకు."

"ఆయన పండుకున్నరా?"

"కండ్లయితే మూసుకున్నడు."

రబ్బరు బ్యాండు నేనే తీశాను. నా కార్డుకు నెయ్యి మరక అంటింది. మిగిలినవి ఇద్దరం కలిసి ఇంటింటికీ పంచాం. వాచ్‌మన్ భార్య తన కార్డు రెండు చేతులతో అందుకుని, చదవడం రాకపోయినా రెండు వైపులా తిప్పి చూసుకుంది. తిరిగి పైకి వస్తుంటే ప్రెసిడెంటు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నన్ను చూడలేదు.

"డబ్బా అన్న లోపల పెట్టు," అన్నారు భార్యతో.

సోమవారం నేను ఉద్యోగంలో చేరాను. డాక్టరమ్మ కార్డును ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేంటండీ, జిలేబీ వాసన వస్తోంది," అంది. మూడో సూది రోజున అందరూ ఎవరి కార్డు వాళ్ళే చేత్తో పట్టుకుని సెల్లార్‌కు వచ్చారు. పోయిన కార్డు ఒక్కటే, మా ఆయనది.

కథ ఇక్కడ ఆపితే నేను మంచిదాన్నవుతాను. కానీ నాకు ఇంకా బాకీ ఉందనిపించింది.

కొన్ని నెలలకు ఒక పొద్దున ఆయనా భార్యా పరగడుపున మా ల్యాబ్‌కు వచ్చారు, షుగరు పరీక్షకు. బల్ల వెనక నన్ను చూసి ఆయన కాసేపు నిలబడ్డారు. నారాయణగూడలో ఇంకో ల్యాబ్ లేదా అని ఆలోచించి ఉంటారు. తర్వాత చొక్కా చెయ్యి మడిచారు. నరం దొరకలేదని రెండోసారి గుచ్చితే నన్ను ఎవరూ తప్పుపట్టరు. గుచ్చాలని ఎంత ఉబలాటపడ్డానో చెప్పలేను. గుచ్చలేదు. చేతగానిదని అశోక్‌నగర్ అంతా చెప్పుకుతిరిగే భాగ్యం ఆయనకు ఎందుకివ్వాలి? ఒక్క సూదికే రక్తం వచ్చింది.

సాయంత్రం ఆయన ఒక్కరే వచ్చారు. "రెండు రిపోర్టులియ్యమ్మా."

ఒక కవరు ఇచ్చాను.

"ఆమెది?"

"ఆమె వస్తే ఆమెకిస్తం సార్."

"నా భార్య."

"పేరామెది, రక్తం ఆమెది. రేపు ఏమన్న అయితే బాధ్యత మాది కద."

మా ల్యాబ్‌లో అలాంటి రూలు లేదు. బిల్లు చూపిస్తే ఎవరికైనా ఇచ్చేవాళ్ళం. ఆ రూలు నేను ఆ నిమిషంలో పెట్టాను. లోపల నుంచి డాక్టరమ్మ ఏమిటని అడిగింది.

"ఏం లేదు మేడమ్, ఎవరి రిపోర్టు వాళ్ళకే ఇస్తున్నా."

"మంచిదేనండీ. ఇకనుంచి అలాగే చేయండి."

ఆయన మెట్లు దిగుతున్నంతసేపూ నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కో మెట్టుకూ నాకు హాయిగా ఉంది.

మరునాడు ఆయన భార్య ఒక్కతే ఆటోలో వచ్చింది. తన రిపోర్టు తెరిచి, ఏ అంకెకు ఏమర్థమో అన్నీ అడిగి తెలుసుకుంది. ఆమెకు ఏమీ లేదు. లేస్తూ గొంతు తగ్గించింది.

"ఆయనది నాకు చూపియ్యకుండ దాచిపెట్టిండు. ఎంతున్నది?"

నాలుక చివరి దాకా వచ్చింది. ఆ అంకె నాకు బాగా గుర్తుంది, ఇప్పటికీ ఉంది.

"ఆయన రక్తం ఆయనది వదినా. నేను చెప్పొద్దు."

ఆమె నన్ను పరీక్షగా చూసి నవ్వింది. "సరే, చెప్పకు. మిఠాయి తినొచ్చునా, అదన్న చెప్పు."

"ఈ వయసుల మిఠాయి ఎవ్వలు తిన్నా మంచిది కాదు."

"చాలు," అని రిపోర్టు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ దసరాకు ప్రెసిడెంటు గారింటికి మిఠాయి డబ్బా రాలేదని వాచ్‌మన్ భార్య చెప్పింది.