ఎండగట్టిన మల్లె

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, మా అమ్మ బందరు ఆసుపత్రికి వెళ్తూ నాకు ఒక్క పనే అప్పజెప్పింది. "మొక్కలకి నీళ్ళు పొయ్యవే. మల్లెని మర్చిపోకు." అమ్మ తిరిగి రాలేదు. నేను నీళ్ళూ పోయలేదు.

మర్చిపోయి కాదర్రా. బడికి వెళ్ళేదాన్ని, పెట్టింది తినేదాన్ని, ఎవరు జడ వేసినా కూర్చుని వేయించుకునేదాన్ని. ఏడుపు మాత్రం రాలేదు. క్రిస్మస్‌కి వచ్చిన చుట్టాలు "పిల్లకింకా తెలీదు పాపం" అనుకున్నారు. నాకు తెలుసు. బకెట్ పట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి తెచ్చి పెట్టేసేదాన్ని. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. వానలు వెనకబట్టాక మా నల్లనేల బీటలు తీసింది.

చలి తగ్గి, పొద్దుటి మంచు పల్చబడుతున్న రోజుల్లో పక్కింటి అత్తయ్య వచ్చింది. వాళ్ళు మగ్గం నేసే వాళ్ళు. మాకు చుట్టాలు కాకపోయినా ఆవిడ నాకు అత్తయ్యే, అమ్మకి వదినే. ఎండలు ముదరకముందే పెరడంతా ఒకసారి తిరిగి చూడడం వాళ్ళిద్దరూ ఏటా కలిసి చేసే పని.

"రావే, ఏమున్నాయో ఏం పోయాయో చూద్దాం," అంది.

కనకాంబరం కొమ్మ వంచితే పుటుక్కున విరిగింది. "ఇది పోయింది," అంది. టమాటాల దగ్గర, "ఇవీ పోయాయి," అంది. కరివేపాకు బెరడు గోరుతో గీరి, లోపలి పచ్చి చూసి, "ఇది ఉంది," అంది. ఆవిడ గొంతులో జాలీ లేదు, కోపమూ లేదు. పోయిందన్న ప్రతిసారీ నేను తలూపాను. నా చూపంతా గోడవారనున్న మల్లె మీదే. ఒక్క ఆకు లేదు దానికి.

అక్కడికి చేరేసరికి నేనే చెప్పేశాను. "అత్తయ్యా, దీన్ని నేను చంపేశాను. అమ్మ నీళ్ళు పొయ్యమంది. పొయ్యలేదు."

ఆవిడ నా వంక చూడలేదు. మొదలు దగ్గర కాడని గీరి, నా వేలు పట్టుకుని ఆ గీత మీద పెట్టింది. చల్లగా, తడిగా తగిలింది.

"చంపడమేంటే పిచ్చిమొహమా, ఎండగట్టావు. చలికాలం మల్లెని ఎండగట్టకపోతే ఆకు తప్ప పువ్వుండదు. మీ అమ్మ ఏటా నీళ్ళు మానేసేది కాదూ? 'ఇదీ మా ఆయన లాంటిదే వదినా, కడుపు మాడిస్తే గానీ మాట వినదు' అనేది. ఈసారీ తనే వచ్చి ఎండగడదామనుకుంది."

వరండాలో మా నాన్న గట్టిగా దగ్గాడు.

అత్తయ్య ఎండుకొమ్మలు కత్తిరించి, పాదు తవ్వి, "ఇప్పుడు పొయ్యి," అంది. నేల నీళ్ళు తాగుతుంటే బుడబుడమని చప్పుడైంది. అది వింటూ నిలబడ్డాను.

ఈస్టర్ నాటికి పూసింది. అత్తయ్యే మాల కట్టి నా జడలో పెట్టింది. చర్చిలో ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. తల వెనక కాస్త బరువుగా అనిపించింది, అంతే.

నేను సొంతంగా మల్లె పెంచుకున్నాక తెలిసింది, ఎండగట్టడానికి నెల్లాళ్ళు చాలని. నేను మూడు నెలలు మాడ్చాను. అత్తయ్యకి తెలియక కాదు. కనకాంబరం పోయిందని మొహం మీదే చెప్పిన మనిషి, మల్లె దగ్గర ఆ మిగతా రెండు నెలల ఊసెత్తలేదు.

మొన్న వీడియో కాల్‌లో నా కుండీ చూసి "అమ్మమ్మా, మొక్క చచ్చిపోయిందా?" అని అడిగారుగా. లేదర్రా, ఎండగట్టాను. తప్పు చేశానని ఎవరైనా నా దగ్గరికొస్తే ఇప్పటికీ ముందు గోరుతో గీరి చూస్తాను. పచ్చి తగిలితే చాలు, మిగతా రెండు నెలల సంగతి నేనూ అడగను.