వంత వద్దన్న పాట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాలుగైదేళ్లకు, మందమర్రిలో నా పాట తెలియని ఇల్లు లేదని నాకు కాస్త పొగరుండేది. బొగ్గుబాయి లాంపురూములో, కిందికి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చి, పైకి వచ్చాక తీసుకోవడం నా పని. ఆ పనిలోనే పాటలు కట్టేవాడిని. సాయంత్రం కార్మికుల కాలనీలో కంజిర పట్టుకుని పాడితే నా భార్య, చుట్టుపక్కల ఆడవాళ్లు వంత అందుకునేవారు. మా దగ్గర వంత లేకుండా పాట లేదు. పాడేవాడు ఒక వరుస ఇస్తాడు, కూర్చున్నవాళ్లు దాన్ని తిరిగి ఇస్తారు. మర్నాడు పొద్దున అదే పాట నీళ్ల పంపు దగ్గర వినిపించేది.

అలాంటి నాకు జాజ్ పిచ్చి పట్టించింది, బాయిలోకి మనుషులను దింపే ఇంజను నడిపే డ్రైవరు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఆంగ్లో ఇండియన్. అందరం సాబ్ అనేవాళ్లం. ఓ ఆదివారం తన గ్రామఫోను మీద రికార్డు వేసి, దీన్ని జాజ్ అంటారన్నాడు. బాకా ఊదేవాడు ఒక వరుస ఎత్తుకుని, దాన్ని అప్పటికప్పుడు విరిచి, సాగదీసి, ఎటో పోయి మళ్లీ మొదటికి వచ్చాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది.

"ఎంత దూరమన్న పో. ఇంటికొచ్చే తొవ్వ యాద్ పెట్టుకో, బస్," అన్నాడు సాబ్.

దసరాకు నా పాట అలాగే పాడాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. సాబ్ క్లారినెట్టు వాయించేవాడు, మూడు నెలలు దాని వెంట సాధన చేశాను. పాడిన ప్రతిసారీ పాట మారిపోతుంటే వంత ఎలా కుదురుతుంది? అందుకని నా భార్యను, మిగతావాళ్లను ఈసారికి ఊరికే కూర్చోమన్నాను. జీవితంలో అంత తెలివితక్కువ మాట ఇంకొకటి అనలేదు.

దసరా నాడు మైదానం నిండింది. మొదటి చరణం చివర నేను ఎటో వెళ్లిపోయాను. జనం అలవాటుగా నోరు తెరిచారు, ఎక్కడ అందుకోవాలో తెలియక మూసేశారు. మూడో చరణానికి ఎవరూ తెరవలేదు. పాట అయ్యాక ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కరీంనగర్ నుంచి వచ్చే వారపత్రిక, పాపం, నాకు జలుబు చేసినట్టుందని రాసింది. ఆ తర్వాత పంపు దగ్గర నా పాట వినపడలేదు. సిగ్గుగా ఉండేది, అంతకంటే ఎక్కువ భయంగా ఉండేది. వీళ్లు పాడకపోతే నేను పాటగాడినే కాదు.

పాత పద్ధతికి వెళ్లిపోతే సరిపోయేది. కానీ నాకు మొండితనం పాలు ఎక్కువ. ఉగాది దగ్గర పడుతుంటే, "మళ్ల గట్లనే పాడుత," అని ఇంట్లో చెప్పాను.

నా భార్య బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "పాడు, ఎవలొద్దన్నరు? గని ఈసారి మేం నోరు మూసుకొని కూసోం."

"నేను ఎటు పోతనో నాకే తెల్వదు. నువ్వెట్ల అందుకుంటవ్?"

"నువ్వు పోయి చూడు. నేనెట్లొస్తనో జూద్దువు."

ఉగాదికి అదే మైదానం, అదే క్లారినెట్టు. మొదటి చరణం చివర మాటలు వదిలేసి ఒట్టి గొంతుతో ఒక మెలిక తిప్పాను. ఆమె అందుకుంది. నేనిచ్చినట్టు ఇవ్వలేదు. నా మెలికను కిందికి దించి, ఇంకో మలుపు తిప్పి, తిన్నగా పల్లవి దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. ఆమె వెనక ఆడవాళ్లు అందుకున్నారు, వాళ్ల వెనక మైదానం అందుకుంది. నాకు తర్వాతి చరణం గుర్తు రాలేదు. సాబ్ మోచేత్తో పొడిస్తే గానీ మళ్లీ నోరు పెగల్లేదు.

వారపత్రిక ఈసారీ వదల్లేదు. నా గొంతు బాగుపడిందట, వంత మాత్రం దారి తప్పిందట. కోపంతో ఆమెకు చదివి వినిపించాను.

"రాసినాయన ఎన్నడన్న వంత పాడిండా?" అని అడిగి తన పనిలో పడింది.

పత్రికకు జవాబు రాయడానికి కూర్చుని, నాలుగు వాక్యాలు రాసి చించేశాను. చెప్పేదేదో మైదానంలోనే చెప్పాలనుకున్నాను. మరుసటి దసరా నుంచి, మేం పాడినన్నాళ్లూ, పాట ఎత్తుకునేది ఆమె. కంజిర పట్టుకుని వంత పాడేది నేను.