రంగమ్మ చేతి మీది నీలం గీత

రంగమ్మ ఎవరినీ నమ్మదు. నన్నైతే అసలే నమ్మదు. ఆదోని మార్కెట్ యార్డు ఎదురుగా ఇరవై రెండేళ్లుగా మందుల అంగడి నడుపుతున్నాను. నా మాట మీద ఒక్క జ్వరం బిళ్ల కొన్న పాపాన పోలేదు ఆవిడ. చదువు రాదు. అయినా మందు అట్టను వెలుతురుకు పట్టి ముందూ వెనకా చూస్తుంది. తర్వాత రోడ్డు మీదికి పోయి, వచ్చేపోయే వాళ్లలో ముగ్గురిని ఆపి తేదీ చదివిస్తుంది. ముగ్గురూ ఒకే మాట చెప్తేనే కొంటుంది. నలుగురిలో నా పరువు తీయడానికే ఇలా చేస్తోందని మొదట్లో ఒళ్లు మండేది.

ఆవిడ సొంతూరు కోసిగి దగ్గర. పెళ్లయిన కొత్తలో భర్త మాదన్నతో కలిసి ఏటా గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయేది. కూతురు మంజుల పుట్టాక ఆ తిరుగుడు మానుకుని ఇక్కడ పత్తి మిల్లులో చేరింది. ఒకనాడు యంత్రంలో పత్తి ఇరుక్కుంది. "కరెంటు తీసేసినాం, చెయ్యి పెట్టు" అన్నాడు మేస్త్రీ. పెట్టింది. కరెంటు తీయలేదు. మణికట్టు నుంచి మోచేయి దాకా ఉబ్బెత్తుగా ఒక మచ్చ మిగిలింది. ఈ సంగతి మాదన్న చెప్పిన రోజు నుంచి, ఆవిడ తేదీ కోసం రోడ్డెక్కినా నేను నోరెత్తలేదు.

పోయిన ఏడు మంజుల చెంప మీద బజ్జీల నూనె చిందింది. గాయం మానింది గానీ మచ్చ పోలేదు. ఆ పిల్ల చీరల అంగడిలో పని చేస్తుంది. వచ్చినవాళ్ల ముందు చీరలు పరిచి చూపించేదాన్ని, మచ్చ చూసి యజమాని అంగడి వెనకున్న గోదాములో మడతలు పెట్టే పనికి మార్చాడు. ఇరవై ఏళ్ల పిల్ల, నా కౌంటరు ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పాపం అనిపించింది. మచ్చలకు పూసే సిలికాన్ జెల్ ట్యూబు తీసి చేతికిచ్చాను. పక్కనున్న రంగమ్మ దాన్ని లాక్కుంది.

"ఎన్ని దినాలకు పోతాదన్నా?"

"మూణ్ణెల్లు పూయాల. పూర్తిగా పోదు. రోంత అణుగుతాది, అంతే."

"పోదని నువ్వే సెప్తాండావు. మల్ల అమ్మేదెట్లప్పా?"

"ఉన్న మాట సెప్పినా తప్పేనా తల్లీ?"

"పూస్తే మంట పుడతాదా?"

"పుట్టదు."

"వాసన?"

"ఏమీ ఉండదు."

"మంటా లేదు, వాసనా లేదు. ఇది మందేనా, నీళ్లా?"

తిట్టుకుంటూనే కొనుక్కుపోయింది, ముగ్గురితో తేదీ చదివించాకే.

ఆ వారమే మంజుల ఎమ్మిగనూరు సంతలో తెల్ల డబ్బీ ఒకటి కొన్నది. దాని మీద పేరు లేదు, తేదీ లేదు. పది రోజుల్లో మచ్చ మాయమని అమ్మినవాడు మైకులో అరిచాడట. రంగమ్మ డబ్బీనీ, నా ట్యూబునూ రెంటినీ లాక్కుని తన దగ్గర పెట్టుకుంది. కూతురి చెంపకు ఏదీ తాకనివ్వలేదు. మిల్లులో పత్తి బేళ్ల మీద నంబర్లు రాసే నీలం రంగు తెచ్చి, తన చేతి మచ్చకు నడుమ అడ్డంగా గీత గీసింది. గీతకు పైన నా జెల్, కింద సంత డబ్బీ మందు. గీత చెరిగినప్పుడల్లా మళ్లీ గీసుకునేది.

పది రోజులకు అంగడి మెట్లెక్కి, జనమంతా చూస్తుండగా చెయ్యి నా ముక్కు కింద పెట్టింది. గీతకు కింద మచ్చ తెల్లబడి నున్నగా ఉంది. పైన ఎట్లున్నది అట్లే ఉంది.

"సూడప్పా నీ మందు గొప్ప!"

వెనకే వచ్చిన మంజుల "ఆ డబ్బీ ఇయ్యమ్మా, నేనూ పూసుకుంటా" అని బతిమాలింది.

"ఇంత బిరీన పని సేసేదాన్ని నేను నమ్మను పో" అంది రంగమ్మ.

నేను డబ్బీ మూత తీసి చూశాను. "పేరు లేని మందు ఇది. ఇట్లాంటివాటితో చర్మం పలచబడతాది. పారెయ్యి రంగమ్మా" అన్నాను.

"నీ యాపారం పోతాదని సెప్తాండావు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ కర్మ" అని డబ్బీ తిరిగి ఇచ్చేశాను. అక్కడికక్కడే చెత్తబుట్టలో పడేసి ఉండాల్సింది. ఆ తప్పు నాదే.

ఇంకో నెల గడిచాక చేతికి దూది చుట్టుకుని రంగమ్మ వచ్చింది. దూది ఎర్రగా తడిసి ఉంది. పత్తి గంప ఎత్తుతుంటే అంచు రాసుకుని, గీత కింది చర్మం తడిసిన కాగితంలా చిరిగిందట. వెంట వచ్చిన మంజుల ఆవిడ రెండో చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరూ నేను చెప్పిందే చెప్పి కట్టు కట్టాడట.

సాయంత్రం ఇద్దరూ తిరిగి వచ్చారు. మంజుల తల్లి దగ్గరున్న ఆ డబ్బీని తీసి నా చెత్తబుట్టలో పడేసి, ఇంకో ట్యూబు జెల్ అడిగింది. ఆ పిల్ల బయటికి పోయాక నేను ఉండబట్టలేక అడిగేశాను.

"నేను పారెయ్యమన్న దినమే పారేస్తే పోయేదానికి, నెల పొడుగునా ఎందుకు పూసినావు?"

"పారేస్తే పిల్ల ఇంగోటి కొంటాదన్నా" అంది రంగమ్మ. "ఇప్పుడు నా సెయ్యి సూసింది. ఇంగ కొనదు."

నేను కొత్త ట్యూబు తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టి, మొట్టమొదటిసారి నా వైపు తిప్పి తేదీ చదవమంది. చదివాను. సరేనని తల ఊపి, రోడ్డు మీదికి పోయి ఇంకో ఇద్దరితో చదివించింది.