నాలుగో సబ్జెక్టు గడి

పన్నెండేళ్లుగా ఒక సిరా గీతను మోస్తున్నాను. వేలెడు పొడవు కూడా ఉండదు. నేనెవరో మీకు తెలియదు కనుకే చెప్పగలుగుతున్నాను.

అప్పుడు తెరుబలి ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. కుళాయి రాకపోయినా, జీతం చీటీలో పేరు తప్పు పడినా అర్జీ పెట్టేవాణ్ణి నేనే. ఇంగ్లీషు వచ్చు కనుక తెలుగువాళ్ల దరఖాస్తులన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఫర్నేసు ఫోర్‌మన్ అప్పన్న ఒకసారి క్యాంటీన్‌లో అందరి ముందూ, "మా బావకి పొద్దుకో కాయితం రాయకపోతే కూడు అరగదర్రా" అన్నాడు. అందరూ నవ్వారు. సాయంత్రానికి అతను మరిచిపోయాడు. నేను నాలుగేళ్లు మరిచిపోలేదు.

అతని కూతురు సత్యవతి రాయగడ కాలేజీలో ఐ.ఎస్సీ., అంటే ఇంటర్ సైన్సు, పాసైంది. ఇంజనీరింగులో చేరాలని తండ్రితో ఫారం పట్టుకొచ్చింది. మూడు సబ్జెక్టులతో పాటు అదనంగా నాలుగోది చదివితే, అందులో పాసు మార్కులకు పైన వచ్చినవన్నీ మొత్తానికి కలుపుతారు. అయితే ఫారంలో ఆ గడి నింపాలి. ఇంజనీరింగు కాలేజీ ఇచ్చిన వివరాల పుస్తకంలో, చివరి పేజీలో ఉందా నియమం. నేను చదివాను. వాళ్లు చదవలేదు. నేనున్నానన్న ధీమా.

"మావయ్యా, నాలుగో సబ్జెక్టు మార్కులు రాయక్కర్లేదేటి? అందులో బాగానే వచ్చేయి" అంది.

"అవి కలపరమ్మీ" అన్నాను. గడికి అడ్డంగా గీత గీశాను.

"మావయ్య సెప్పేక ఇంకేటి? సంతకం ఎట్టు" అన్నాడు అప్పన్న.

ఆ క్షణంలో నాకేమనిపించింది? సంతోషమని రాయడానికి చెయ్యి ఆడటం లేదు. కానీ సంతోషమే.

జాబితాలో ఆమె పేరు రాలేదు. కాలేజీకి అర్జీ రాయమని అప్పన్న మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. రాశాను. అంత బాగా ఎన్నడూ రాయలేదు. అన్యాయం అన్న మాట మూడుసార్లు వాడాను. జవాబు నా చిరునామాకే వచ్చింది: గడి కొట్టేసి ఉంది కనుక మార్కులు కలపలేదు, వారంలోగా మార్కుల పత్రం పంపితే పరిశీలిస్తాం.

అప్పటికి నా కోపం చల్లారింది. భయం మాత్రం మిగిలింది, ఎందుకంటే ఆ కాగితం చూపిస్తే సీటు పోయింది నా గీత వల్లేనని అప్పన్నకు తెలిసిపోతుంది, తెలిస్తే క్వార్టర్లన్నిటికీ తెలుస్తుంది. జవాబేమీ రాలేదని చెప్పాను. వారం గడిచిపోయింది.

సత్యవతి ఇప్పుడు లక్ష్మీపూర్‌లో టీచరు. ఆ మధ్య కొరాపుట్ బస్సులో పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. 'నీ కోసం మావయ్య ఎంత కష్టపడ్డాడో' అని నాన్న ఇప్పటికీ అంటాడని చెప్పింది. జనం నన్నన్న ప్రతి మాటా గుర్తుంచుకునేవాణ్ణి, ఈ ఒక్క మాట వినలేకపోయాను. నా ఊరు రాకుండానే దిగిపోయాను.

ఆమెకెప్పుడైనా చెబుతానా? చెప్పగలనా? తెలియదు. ఆ జవాబు ఇంకా నా ట్రంకుపెట్టెలోనే ఉంది. ఎన్నో అర్జీల్లో ఎందరి తప్పులో రాశాను. ఇది మాత్రం ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది: ఆ గీత నేనే గీశాను. తెలిసే గీశాను.