ఏ పచ్చ?

తెలుగావిడ ఎవరైనా నా కుట్టుమిషను ముందు కూర్చుని "పచ్చ" అన్నారంటే నా చేతిలో టేపు ఆగిపోతుంది. "ఏ పచ్చ?" అని అడుగుతాను. నోటి మాట నమ్మను. గుడ్డముక్క చూపిస్తాను, కొలతల పుస్తకంలో ఆ ముక్కకి పిన్ను గుచ్చి పక్కన సంతకం పెట్టిస్తాను. మా గోవింద్‌పూర్ కాలనీ ఆడవాళ్లకి ఇదో వినోదం. "జాకెట్టుకి సంతకమేటమ్మా, భూమి రాయించుకుంతన్నావా?" అని నవ్వుతారు. నవ్వుకోనీ. వాళ్ల చెవిలో వాళ్ల మామ్మ గొంతు వినపడదు. నాకు వినపడుతుంది. అన్నం వండుతున్నా, ఆటోలో కూర్చున్నా, ఆ ఒక్క మాటే.

మామ్మ మా నాన్నకి తల్లి. ఒడిశా సరిహద్దు తెలుగు పల్లె నుంచి తాత వెంట ఈ హిందీ ఊరికి వచ్చింది. తాత లారీల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయన పోయాక ఆవిడ బూడిదరంగు, మట్టిరంగు, తెలుపు, ఇవే కట్టింది. రంగు కట్టొద్దని ఎవరూ అనలేదు. కట్టుకోమనీ ఎవరూ అనలేదు. అనాల్సిన వాళ్లలో నేనూ ఉన్నాను కదా, ఎవర్ని తిట్టను? పైగా ఆవిడ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకాన్ని నేను. తెలుగు అర్థమవుతుందనే అనుకునేదాన్ని. నా తెలుగు ఎంతమాత్రమో తర్వాత తెలిసింది.

ఫ్యాషన్ డిజైన్ కోర్సులో చేరినప్పుడు నాకు ఇరవై దాటాయి. మొదటిరోజు నేను బొమ్మల పెన్సిళ్లన్నీ మోసుకెళ్లాను. మేడమ్ వాటివైపు చూడనైనా చూడలేదు. "గీయడం తర్వాత. ముందు వేసుకునేవాళ్లని అడగండి. ఎవరు, ఎప్పుడు వేసుకుంటారు, ఎందుకు వేసుకుంటారు. తర్వాత గుడ్డముక్కలు పట్టుకెళ్లి వాళ్ల చేతికివ్వండి. వాళ్లు ఔనన్నాకే కత్తెర పట్టండి," అని హిందీలో చెప్పింది. నాకు చప్పగా అనిపించింది. ఇదంతా మన వీధి దర్జీకి తెలియదా అనుకున్నాను.

రంగుల క్లాసు మాత్రం నన్ను పట్టేసింది. గిన్నెలో పసుపు రంగు కలిపి అందులో ఒక్క చుక్క నీలం వేయించింది మేడమ్. కళ్లముందే ఆకుపచ్చ అయిపోయింది. "ఇప్పుడు మళ్లీ పసుపు చెయ్యండి," అంది. మేము గిన్నెలో ఎంత పసుపు గుమ్మరించినా చిలకాకుపచ్చ అయిందే గాని పసుపు కాలేదు. వేసిన నీలం వెనక్కి రాదని ఆరోజు నవ్వుతూ నేర్చుకున్నాం.

ఇంకోరోజు గోడకి ఆకుపచ్చ కాగితం ఒకటి అంటించి, రెప్ప వేయకుండా చూడమంది. కాసేపటికి కాగితం లాగేసింది. ఖాళీ తెల్లగోడ మీద గులాబీరంగు ముక్క తేలుతోంది. "అది అక్కడ లేదు. కానీ మీకు కనపడుతోంది," అంది మేడమ్. అమ్మాయిలంతా కేరింతలు కొట్టారు. నేను గోడ దగ్గరికెళ్లి ఆ చోటు తడిమి చూశాను.

టర్ము చివర, ఇంట్లో ఒకరికి బట్టలు కుట్టి తేవాలన్నారు. ఆ మాట ఇంట్లో చెప్తుంటే మామ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తకుండానే అంది.

"నాకో పచ్చ జాకెట్టు కుట్టీయే."

"ఆప్ కో? రంగీన్?" అన్నాను. మామ్మ రంగు వేసుకోవడమా అని.

"ఊఁ. మొకానికి రాసుకోడం ఎప్పుడో మానీసేను. ఒంటికైనా తగలనీ."

ఆ రెండో మాట నాకు అర్థం కాలేదు. అడగలేదు. పచ్చగడ్డి ఏ రంగు? పచ్చిమిరపకాయ ఏ రంగు? ఇంకేం, పచ్చంటే హరా. అప్పటికే నా తలలో రకరకాల ఆకుపచ్చలు బారులు తీరాయి. నా తెలివి అలా తెల్లారింది.

ముందు కోరాగుడ్డతో కుట్టి మామ్మకి తొడిగి చూశాను. భుజం దగ్గర వదులైతే పిన్నులు గుచ్చాను. ఆవిడ కదలకుండా నిలబడి, "ఇది తెల్లగున్నాదేటే?" అంది.

"రంగ్ బాద్ మే, మామ్మా. సర్‌ప్రైజ్." రంగు తర్వాత అని.

గుడ్డముక్కలు చూపించడానికి అదే సమయం. నేను చూపించలేదు. ఫైలులో "వేసుకునేవారి ఆమోదం" అన్నచోట నేనే టిక్కు పెట్టుకున్నాను. మేడమ్ అడిగితే "దిఖాయా" అన్నాను. చూపించానని పచ్చి అబద్ధం.

నల్లంచు వేసిన ఆకుపచ్చ జాకెట్టు మామ్మ ఒళ్లో పెట్టినప్పుడు ఆవిడ దాన్ని ఒకసారి తిరగేసింది. "ఇదేటే..." అని ఆగింది. నా మొహం చూసింది. తర్వాత గబగబా అంది, "బాగున్నాదే. నానడిగిందే!" ఆ సాయంత్రమే వేసుకుని కాలనీ అంతా తిరిగింది. "నా మనవరాలు, నానడిగిన రంగే కుట్టినాది," అని కనపడ్డవాళ్లందరికీ చెప్పింది. గుడికి అదే, పేరంటానికి అదే. ఉతికి ఉతికి చంకల దగ్గర వెలిసిపోయినా అదే. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

రెండేళ్ల తర్వాత మామ్మ తిండి మానేసింది. ఆస్పత్రిలో చేర్చాం. కాలేయం పాడైందన్నారు. ఒక పొద్దున్న నేను కాఫీ పట్టుకెళ్లేసరికి కిటికీ వెలుతురులో తన చేతులు తిప్పి చూసుకుంటోంది. చర్మం, గోళ్లు, కళ్లు, అన్నీ పసుపు.

"చూసినావేటే," అని నవ్వింది. "నువ్వు కుట్టకపోతే ఏటి, దేవుడే నాకు పచ్చ తొడిగీసేడు."

నేను కాఫీ కింద పెట్టాను. "మామ్మా, పచ్చ అంటే... హరా నహీ?"

"హరా అంటే ఆకుపచ్చే, పిచ్చిమొకమా. ఉత్త పచ్చంటే పసుపు. ఇదేటి రోగం? పచ్చకామెర్లు. మరి నీకెలాగ అర్దమయినాది?"

నాకు తల కొట్టేసినట్టయింది. మొకానికి రాసుకోవడం మానేసింది పసుపు. తాత పోయిన రోజు నుంచి మొహానికి తగలని పసుపు. దాన్ని గుడ్డగానైనా ఒంటి మీద వేసుకోవాలని ఆ మనిషి, ఇన్నేళ్లకి ఒక్కసారి, నన్ను అడిగింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" ఈసారి తెలుగులోనే అడిగాను.

"నీ మొకం ఎలిగిపోతన్నాదే. ఎలా సెప్పను?"

ఇంటికొచ్చి ఆకుపచ్చ జాకెట్టు తీశాను. పసుపు రంగులో ముంచేద్దామా అని ఒక పిచ్చి ఆలోచన. గిన్నె గుర్తొచ్చింది. నీలం వెనక్కి రాదు. జాకెట్టు మడిచి పెట్టేసి జుగ్సలాయి బజారుకి బయల్దేరాను. కొట్టువాడు పసుపు తాన్లు పరుస్తుంటే ఒక్కొక్కటీ వీధిలో ఎండలోకి పట్టుకెళ్లి చూశాను. కొట్లో ట్యూబులైటు కింద పసుపుగా కనపడేది ఎండలో నిమ్మరంగు అవుతుంది. పసుపంటే పసుపేనని వాడు విసుక్కున్నాడు. "బెహన్‌జీ, పీలా తో పీలా హై!" కాదురా నాయనా, కాదు. సంచిలోంచి వంటింటి పసుపు పొట్లం తీసి దాని పక్కన పెట్టి మరీ ఎంచాను. ముక్క కత్తిరించి మామ్మకి చూపించాను. ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకుంది. "ఇదే," అంది. అంతకంటే మాట్లాడే ఓపిక లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి హుక్కులు తప్ప అంతా అయిపోయింది. హుక్కులు కుట్టడానికి సూదిలో దారం ఎక్కిస్తుంటే నాన్న ఫోను చేశాడు. హలో అన్నాడు. ఏడుపు వినపడింది.

మామ్మని ఇంటికి తెచ్చారు. ఆడవాళ్లు స్నానం చేయించారు. నేను పసుపు జాకెట్టు కవర్లో పెట్టుకుని, చంకలో ఇరికించుకుని గది గుమ్మంలో నిలబడ్డాను. ఇవ్వాలనే వచ్చాను. నోరు తెరిచే లోపే పక్కింటి పిన్ని అంది.

"ఆ ఆకుపచ్చ జాకెట్టు తెండమ్మా. ముసలమ్మకి పానం అదంటే. మనవరాలు అడిగిన రంగే కుట్టినాదని ఎంత సంబరపడిపోయేది!"

"ఔనౌను, అదే ఎయ్యండి," అన్నారు అందరూ. ఒకావిడ నా భుజం నిమిరింది.

అది కాదు, ఇది అని చెప్పాలి. ఒక్క మాట. చెప్తే మామ్మ రెండేళ్లపాటు, కాలనీ అంతా తిరిగి, నాకోసం ఆడిన అబద్ధం ఆవిడ ముందే బయటపడిపోతుంది. ఆవిడ ఇక లేచి సర్దిచెప్పుకోలేదు కదా. నేను వెనక్కి తిరిగి కవరు మిషను సొరుగులో పెట్టేశాను. ఆకుపచ్చ జాకెట్టు తీసుకొచ్చాను. ఒళ్లంతా పసుపుగా పడుకున్న మామ్మకి నా చేతులతోనే తొడిగాను. హుక్కులు ఒక్కొక్కటే పెట్టాను. చివరి హుక్కు ఎంతసేపటికీ కాజాలో పడలేదు. ఆ ఆకుపచ్చనే రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాను.

చివరికి తలెత్తి ఎదురుగా ఉన్న సున్నం గోడ చూశాను. క్లాసులో చూసినట్టే, జాకెట్టు ఆకారంలో గులాబీరంగు తేలింది. మళ్లీ ఆకుపచ్చని చూశాను, మళ్లీ గోడని చూశాను. ఎన్నిసార్లు చూసినా గులాబీరంగే వచ్చింది. పసుపు రాలేదు.